ఆటు చూసుకుని అండమాన్‌కు

చి. చిట్టికి,

డిసెంబరులో నీల్ దీవికి వెళ్తున్నావని ఉప్పల్ నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. 2018లో దానికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టినా జనం నోట ఇంకా నీలే. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీవిజయపురం. టికెట్ల దగ్గర కంగారుపడకు.

ఆ దీవిలో ప్యాకేజీ కాగితం కంటే ఆటుపోట్ల పట్టిక ముఖ్యం. లక్ష్మణ్‌పూర్ వైపున్న రాతి వంతెన దగ్గరికి సముద్రం వెనక్కి తగ్గినప్పుడే నడవగలరు. భరత్‌పూర్‌లో అద్దాల బోటు ఎక్కాలంటే మాత్రం నీళ్లు నిండుగా ఉండాలి. ఈ రెండింటినీ ఒకే పూటకు కుదించే ఏజెంటు మాట నమ్మొద్దు. పైగా గడియారం మనదే అయినా అక్కడ సూర్యుడు మనకంటే దాదాపు గంట ముందు నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం అయిదు దాటితే చీకటే.

రాతి మడుగుల్లో వంగి చూస్తే నల్లటి సముద్ర దోసకాయలు, సందుల్లో నక్కిన పీతలు కనిపిస్తాయి. కాలి కింద బండ అనుకున్నది పగడం కావచ్చు. గుండ్రంగా పెరిగే రకాలు ఏడాదికి సుమారు సెంటీమీటరే ఎదుగుతాయి. అంటే మోకాలెత్తు ముద్ద నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నట్టే! నీళ్లు వేడెక్కితే పగడంలోని నాచు వెళ్లిపోయి అది తెల్లబడుతుంది. 2010లో అండమాన్ అంతటా అదే జరిగింది. అందుకని ఇసుక ఉన్నచోటే కాలు పెట్టు. ఎండకు క్రీములు దట్టంగా పూసుకునే బదులు ఫుల్‌హ్యాండ్స్ టీషర్టు వేసుకో. చచ్చిన పగడం ముక్కైనా సంచిలో వేసుకోకు, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

నీల్‌లో కూరగాయల మడులే ఎక్కువ. అడవి కావాలంటే పక్కనే హ్యావ్‌లాక్, అక్కడి రాధానగర్ బీచ్ వెనక చెట్లు ఆకాశాన్ని అంటుతాయి. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలోకి దిగే ప్రసక్తే లేదు.

బారాటాంగ్ గుహల ట్రిప్పు నాకు నచ్చదు. ఆ రోడ్డు జారవా ఆదివాసుల అడవి మధ్య నుంచి పోతుంది. వాళ్ల ఫొటోలు తీయడం నిషేధం అయినా కొందరి కళ్లు గుహల కంటే వాళ్లనే వెతుకుతాయి. నువ్వు మెట్రోలో దాటే హబ్సిగూడ దగ్గరి సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి మరో రెండు ఆదివాసీ తెగలైన ఓంగేలు, గ్రేట్ అండమానీల డీఎన్ఏ పరిశీలించి, వాళ్లు వేల ఏళ్లుగా వేరుగా బతికిన అతి ప్రాచీన జనమని 2005లో తేల్చారు. అలాంటివాళ్లను కారు అద్దంలోంచి చూసే వేడుక మనకెందుకు?

భాషకు ఇబ్బంది లేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో వందకు సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీవిజయపురంలోని జంగ్లీఘాట్ చేపల రేవులో మనవాళ్లు ఉంటారు. బోటెక్కే ముందు గాలి ఎలా ఉందో వాళ్లను అడుగు.

మీ పెదనాన్న,
నాచారం