తప్పించుకొన్న మృగం - జాడ తీసే జాగిలం

ఏలూరును ఆనుకొని ఉన్న వట్లూరుకు పెదవేగి ఎంతో దూరం కాదు. నేడు పల్లెగా కనిపించే ఆ పెదవేగియే ఒకప్పటి వేంగి. ఆ వేంగీదేశాన్ని రాజమహేంద్రవరం నుండి ఏలిన రాజరాజనరేంద్రుని కోరికపై, 11వ శతాబ్దంలో నన్నయభట్టు మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకొన్నాడు. ఆయన రచించిన ఆదిపర్వంలో గాయపడి తప్పించుకొన్న ఒక మృగం కథ ఉన్నది.

పరీక్షిన్మహారాజు వేటకు పోయి ఒక మృగాన్ని కొట్టాడు. అది బాణంతోనే పరుగెత్తి కనుమరుగైంది. అతని చేత దెబ్బతిన్న మృగం అంతకుమునుపు ప్రాణాలతో పోయింది లేదు. రాజు ఒంటరిగా అడవిలో తిరిగి తిరిగి, శమీకుడనే మునిని చూచి, మృగం ఏ దిక్కుకు పోయిందని అడిగాడు. ముని మౌనవ్రతంలో ఉన్నాడు. కోపించిన రాజు చచ్చిన పామును వింటి కొనతో ఎత్తి ఆయన మెడలో వేశాడు. ముని కుమారుడు శృంగి శపించాడు. ఏడు దినాలలో తక్షకుని విషాగ్నికి రాజు బలియైనాడు.

భాగవతంలో ఇదే రాజు దప్పికగొని ముని ఆశ్రమానికి వస్తాడు. భారతంలో అతనిని తరిమినది తాను గాయపరచిన మృగం. ఈ భేదాన్ని విద్యార్థులు సాధారణంగా గమనించరు.

దెబ్బతిన్న మృగం జాడ తెలియకపోవడం కథలలోని విషయం మాత్రమే కాదు. అటువంటి జంతువు పొదలలో దాగి, గంటల తరబడి బాధపడి చనిపోతుంది. అందువల్లనే జర్మనీలో గాయపడిన మృగాన్ని వెదకి పట్టడం వేటగాని విధిగా చట్టాలు చెబుతాయి. ఆ పనికై హనోవర్, బవేరియా ప్రాంతాలలో ప్రత్యేకమైన జాగిలాల జాతులనే పెంచారు.

ఆ విద్యలో మొదటి పాఠం ఓర్పు. దెబ్బ తగిలిన వెంటనే తరిమితే లేడి మరింత దూరం పరుగెత్తుతుంది. విడిచిపెడితే కొంత దూరంలోనే పడుకొంటుంది. కాబట్టి కొన్ని గంటలు ఆగుతారు. దెబ్బ తగిలిన చోట నెత్తురును పరీక్షిస్తారు. నురుగుతో కూడిన లేత ఎరుపైతే ఊపిరితిత్తులకు, ముదురు ఎరుపైతే కాలేయానికి, ఆకుపసరు కలిసి ఉంటే పొట్టకు గాయమైనట్లు. తరువాత పొడవైన తోలుపట్టెతో జాగిలాన్ని ఆ జాడపై నడిపిస్తారు. నెత్తురు చుక్క కనబడని చోట కూడా అది తడబడదు. గిట్టల నడుమ ఉండే గ్రంథుల వాసన నేలకు అంటుకొని ఉంటుంది. నడుమ వేరొక మంద అడ్డంగా పోయినా, మొదట పసికట్టిన లేడినే వెంబడించేటట్లు దానికి కుక్కపిల్లగా ఉన్ననాటి నుండి నేర్పుతారు.

మన కవులకు వేటకుక్కలు కొత్త కాదు. ఏకలవ్యుని విలువిద్య పాండవులకు తెలిసినది, నోటినిండా బాణాలతో తిరిగివచ్చిన వారి వేటకుక్క వల్లనే. అయితే పరీక్షిత్తు మునిని ప్రశ్నించిన వేళ అతని వెంట మనుషులూ లేరు, జాగిలమూ లేదు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. అయినా ఉచ్చులు, వాహనాలు, ఊరకుక్కలు జింకలను గాయపరుస్తూనే ఉన్నాయి. 2008లో ట్రాఫిక్ సంస్థ అటవీశాఖల కోసం జాగిలాలకు శిక్షణ ఇప్పించే కార్యక్రమం ప్రారంభించింది. ఆ జాగిలాలకు ప్రధానంగా నేర్పినది పులి, చిరుత వంటి జంతువుల చర్మాలనూ ఎముకలనూ పసికట్టడం. దొంగలను పట్టడానికి అది చాలును. ఉచ్చు తెంపుకొని నెత్తురోడుతూ పోయిన జింకను, వైద్యం అందేలోపు వెదకడం వేరే విద్య. అది నేర్చిన జాగిలం తోడు లేకుంటే, పాపికొండల అడవిలో తెగిన తీగ దగ్గర నిలిచిన అటవీ ఉద్యోగి, పరీక్షిత్తు వలెనే, ఏ దిక్కుకు పోవాలో తెలియక చుట్టూ చూడవలసినదే.