హద్దు గీత

భూమికి హద్దు నిర్ణయించడం మానవుడు నేర్చిన ప్రాచీన విద్యలలో ఒకటి. చెరువులపై ఆధారపడిన తెలంగాణ పల్లెలలో నీటికి కూడ హద్దు ఉండేది. కట్ట నీటిని ఆపేది. తూము పొలాలకు పంపేది. మిగులు నీరు అలుగు మీదుగా దిగువకు సాగిపోయేది. అలుగు మట్టం వరకు చెరువు నిండినప్పుడు మునిగే నేలను శిఖం భూమి అన్నారు. వేసవిలో ఎండి కనిపించినా ఆ నేల నీటిదేనన్న ఎరుక ప్రజలకు ఉండేది.

హైదరాబాదు తూర్పు భాగంలోని చంపాపేటకు చేరువలో సరూర్‌నగర్ చెరువు ఉన్నది. నగరం విస్తరించిన కొలదీ దాని పరిసరాలలో కాలనీలు వెలిశాయి. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వానలకు వాటిలో అనేకం జలమయమయ్యాయి. ఇటువంటి ముప్పును తగ్గించడానికే, నిండు చెరువు అంచు నుండి కొంత దూరం కట్టడాలు లేకుండా విడిచిపెట్టాలన్న నియమం ఏర్పడింది. ఆ స్థలమే బఫర్ జోన్. 2012 నాటి 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు దీనిని 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లుగాను, చిన్న చెరువులకు 9 మీటర్లుగాను నిర్ణయించింది.

ఈ హద్దును ఇంటర్నెట్‌లోని పటంపై చూపడం ప్రోగ్రామర్ల పని. కంప్యూటరు దృష్టిలో బావి ఒక బిందువు. నాలా ఒక రేఖ. చెరువు ఒక బహుభుజి. అక్షాంశ, రేఖాంశాల జంటలు వరుసగా సాగి, చివరిది మొదటిదానితో కలిసినప్పుడు బహుభుజి పూర్తవుతుంది. దాని అంచు నుండి అన్ని వైపులా సమాన దూరంలో మరొక గీతను గీయడానికి పోస్ట్‌జిఐఎస్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఆదేశం చాలు.

ఆదేశం సులభమే, కొలత సులభం కాదు. పటం డిగ్రీలలో ఉన్నప్పుడు 30 అని వ్రాస్తే, అది 30 మీటర్లు కాక 30 డిగ్రీలు కావచ్చు. ఒక్క అక్షాంశ డిగ్రీయే సుమారు 110 కిలోమీటర్లు. అప్పుడు ఆ బఫర్ జోన్ భారతదేశమంతటినీ కప్పివేస్తుంది. ఇది కంటికి కనిపించే తప్పు కనుక అంత ప్రమాదం లేదు. కనిపించని తప్పు వేరొకటి ఉన్నది. ఇంటర్నెట్ పటాలలో విరివిగా వాడే వెబ్ మెర్కేటర్ పద్ధతి భూమధ్యరేఖకు దూరమైన కొలదీ దూరాలను సాగదీస్తుంది. హైదరాబాదు వద్ద ఆ పటంపై 30 మీటర్లుగా గీసినది నేలపై సుమారు 28.6 మీటర్లే. లోపించిన దాదాపు ఒకటిన్నర మీటరులో ఒక ప్రహరీగోడ హాయిగా ఇముడుతుంది. అందుచేత ముందుగా ఈ ప్రాంతానికి తగిన యు.టి.ఎం. 44వ ఉత్తర మండలంలోకి చెరువు ఆకృతిని మార్చి, అక్కడ కొలిచి, పిదప పటంపై చూపాలి. అప్పుడు 30 మీటర్లకు వచ్చే తేడా ఒకటిన్నర సెంటీమీటరుకు మించదు.

అన్నిటికంటె పెద్ద తప్పు లెక్కలో లేదు, మూలంలో ఉన్నది. వేసవిలో తీసిన ఉపగ్రహ చిత్రాన్ని చూసి చెరువు అంచును గుర్తిస్తే, శిఖం భూమి చెరువుకు వెలుపల పడిపోతుంది. అక్కడి నుండి ఎంత నిర్దుష్టంగా కొలిచినా ఆ గీత అసత్యమే. అలుగు మట్టాన్ని నేలపై సర్వే చేసి తెలుసుకొనడం తప్ప దీనికి మరొక మార్గం లేదు.

జీవితకాలపు పొదుపుతో ఇంటి స్థలం కొనేవారు ఆ గీతను నమ్ముతారు. గీత తప్పితే ఒకరు నీట మునుగుతారు. మరొకరు న్యాయమైన గూటిని కోల్పోతారు. కంప్యూటరు దూరాన్ని కొలవగలదు. ఎక్కడ నుండి కొలవాలో చెప్పవలసింది మనిషే.

ప్రశ్నలు

1. శిఖం భూమి అనగానేమి? బఫర్ జోన్‌ను నిర్ణయించడంలో దాని ప్రాధాన్యమేమి?
2. “ఆదేశం సులభమే, కొలత సులభం కాదు” – వివరించండి.