అంగడి మూసి జీతానికి పోతే పన్ను లెక్క ఎట్లా?

పూతలపట్టు చిత్తూరు – తిరుపతి దారిలో ఉండే ఊరు. మన ప్రాంతంలో సేద్యం ఉంది, కూలి ఉంది, చిన్న అంగళ్లు ఉన్నాయి. ఫ్యాక్టరీలు కూడా వచ్చాయి. అమర రాజా సంస్థ 1985లో మొదలైంది. తిరుపతి దగ్గర కరకంబాడిలో దాని ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ గ్రూపు ఫ్యాక్టరీ మన మండలం పేటమిట్టలోనూ ఉంది. ఇట్లాంటి చోట్ల పని దొరికితే, సొంత అంగడి మూసి నెల జీతానికి పోయేవాళ్లు ఉంటారు.

జీతం రావడం మంచిదే. కానీ ఆ ఏడు పన్ను కాగితం ఎట్లా రాయాలి? అది తెలియకపోతే మనకు రావలసిన డబ్బు మనమే వదులుకుంటాం. ఈ పాఠంలో ఆ సంగతి నేర్చుకుందాం.

ఒక కుటుంబం కథ

ఒక టైలరు ఉన్నాడు అనుకుందాం. ఆయనకు కుట్టు అంగడి ఉంది. ఒక కంపెనీ గుడ్డ ఇస్తుంది. ఈయన యూనిఫారాలు కుట్టి ఇస్తాడు. నెలకు ఒక బిల్లు, బిల్లుకు 40,000 రూపాయలు.

ఆయన భార్య రాత్రి కేంద్రంలో చదువు నేర్చుకుంది. ఒకరోజు బ్యాంకు పాసుబుక్కు తీసి చదివింది.

“మామా, బిల్లు నలభై వేలు గదా? బ్యాంకులో 39,600 మాత్రమే పడింది. ఈ నాలుగు నూర్లు ఏమైనట్టు?”

“కంపెనీవాళ్లు కోసుకున్నారు. ప్రతి నెలా కోస్తానే ఉండారు. ఏంజేస్తాం?”

“ఎందుకు కోసినారో అడిగినావా?”

టైలరు అడగలేదు. మరుసటి దినం పోయి అడిగినాడు. కంపెనీ గుమాస్తా చెప్పినాడు: “అది మేం తినలేదన్నా. నీ పేరుమీద ప్రభుత్వానికి కట్టినాం. దాన్ని టీడీఎస్ అంటారు.”

గుమాస్తా మాట నిజమే. కాంట్రాక్టు పనికి డబ్బు ఇచ్చేటప్పుడు కంపెనీ నూటికి ఒక రూపాయి పన్ను కింద పట్టుకుంటుంది. పాన్ నంబరు ఇవ్వకపోతే నూటికి ఇరవై పట్టుకుంటుంది. అందుకే పాన్ నంబరు తప్పక ఇవ్వాలి.

టైలరు 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు బిల్లులు ఇచ్చినాడు. ఆరు నాలుగులు ఇరవైనాలుగు. అంటే 2,400 రూపాయలు ప్రభుత్వం దగ్గర చేరింది. అక్టోబరులో అంగడి మూసి ఫ్యాక్టరీలో చేరినాడు. జీతం నెలకు 18,000.

ఏడు ఒకటే, రిటర్ను ఒకటే

పన్ను లెక్కకు ఏడు ఏప్రిల్ 1న మొదలవుతుంది. మార్చి 31న ముగుస్తుంది. ఈ ఏడాదిలో మనం సంపాదించినదంతా రాసి ఇచ్చే కాగితమే రిటర్ను.

సగం ఏడు అంగడి, సగం ఏడు జీతం. మరి రెండు రిటర్నులు వేయాలా? వద్దు. మనిషి ఒకడే, పాన్ ఒకటే, రిటర్ను ఒకటే. రెండు ఆదాయాలూ అందులోనే రాయాలి. ఉద్యోగం వచ్చిందని కొత్త పాన్ తీసుకోకూడదు. రెండు పాన్‌లు ఉంటే 10,000 రూపాయల జరిమానా పడవచ్చు.

జీతం ఇచ్చే కంపెనీ ఫారం 16 అనే కాగితం ఇస్తుంది. అందులో జీతం లెక్క ఉంటుంది. అంగడి లెక్క ఉండదు. పాత అంగడి సంగతి కొత్త కంపెనీకి ఎట్లా తెలుస్తుంది? కాబట్టి ఫారం 16 ఒక్కటే చూసి రిటర్ను వేస్తే సగం లెక్క పోతుంది. అంగడి బిల్లుల సంగతి ఆదాయపన్ను శాఖకు మన పాన్ ద్వారా ముందే తెలుసు. రెండు లెక్కలూ కలవకపోతే నోటీసు రావచ్చు. రావలసిన డబ్బు ఆగిపోవచ్చు.

జీతంలో పన్ను కోయకపోతే కంపెనీ ఫారం 16 ఇవ్వకపోవచ్చు. అందుకని జీతం చీటీలు అన్నీ దాచుకోవాలి.

ఏ ఫారం వేయాలి?

జీతం మాత్రమే ఉంటే సహజ్ అనే ఫారం. దాన్నే ఐటీఆర్ 1 అంటారు. అందులో వ్యాపార ఆదాయం రాయడానికి చోటు లేదు.

చిన్న వ్యాపారం, జీతం రెండూ ఉంటే సుగమ్ అనే ఫారం. అదే ఐటీఆర్ 4. ఇందులో పెద్ద లెక్కల పుస్తకాలు అక్కరలేదు. బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిలో నూటికి కనీసం 6, రొక్కంగా వచ్చిన దానిలో నూటికి కనీసం 8 లాభంగా చూపాలి. నిజంగా వచ్చిన లాభం అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపాలి. కమీషన్ వ్యాపారానికి ఈ పద్ధతి పనికిరాదు.

లెక్క చేద్దాం

అంగడి రాబడి: 2,40,000
దారం, కరెంటు, బాడుగ, కూలి: 1,20,000
అంగడి లాభం: 1,20,000

ఆరు నెలల జీతం: 1,08,000
జీతగాళ్లకు ఇచ్చే మినహాయింపు: 75,000
మిగిలిన జీతం: 33,000

మొత్తం ఆదాయం: 1,20,000 + 33,000 = 1,53,000

జీతం ఆరు నెలలే అయినా 75,000 మినహాయింపు పూర్తిగా దొరుకుతుంది. 2025-26లో కొత్త పన్ను విధానం ప్రకారం 4,00,000 దాకా పన్ను లేదు. టైలరు కట్టవలసిన పన్ను సున్నా. మరి ముందే కోసిన 2,400? అది ఆయన డబ్బే. కానీ రిటర్ను వేసి అడిగితేనే తిరిగి వస్తుంది. దీన్ని రీఫండ్ అంటారు.

ఆదాయం 4,00,000 దాటితే రిటర్ను తప్పక వేయాలి. పన్ను పడే ఆదాయం 12,00,000 దాకా ఉంటే, మామూలు జీతం, వ్యాపారం మీద రిబేటు వల్ల పన్ను ఉండదు. అయినా రిటర్ను మానకూడదు.

వరసగా చేయవలసిన పనులు

1. బిల్లులు, ఖర్చుల చీటీలు, పాసుబుక్కు, జీతం చీటీలు ఒక సంచిలో పెట్టండి.

2. ఆదాయపన్ను శాఖ పోర్టల్‌లో 26ఏఎస్ అనే పట్టిక చూడండి. కోసిన పన్ను మీ పేరుమీద జమ అయిందా లేదా అందులో తెలుస్తుంది. జమ కాకపోతే కోసినవాళ్లను అడగండి.

3. పాన్, ఆధార్ కలిపి ఉండాలి. రీఫండ్ పడే బ్యాంకు ఖాతా పోర్టల్‌లో సరిగా ఉండాలి.

4. రిటర్ను జులై 31 లోపలే వేసేయండి. తప్పిపోయినా డిసెంబరు 31 దాకా వేయవచ్చు, రీఫండ్ అడగవచ్చు. కాకపోతే రిటర్ను వేయవలసినవాళ్లు ఆలస్య రుసుము కట్టాలి.

5. వేసిన 30 రోజుల లోపల ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించండి. ఇది చేయకపోతే వేసినా వేయనట్టే.

జాగ్రత్త!

“నాకు కమీషన్ ఇవ్వండి, పెద్ద రీఫండ్ తెప్పిస్తా” అనేవాళ్లు ఉంటారు. కట్టని చందా, లేని అద్దె రాస్తారు. 2025 జులైలో ఇట్లాంటి దొంగ లెక్కలు రాసినవాళ్లమీద ఆదాయపన్ను శాఖ దేశమంతా సోదాలు చేసింది. రిటర్నులో మన పేరు ఉంటుంది. తప్పు రాస్తే మనమే జవాబు చెప్పాలి. రాసినదాన్ని చదివిన తర్వాతే ఓటీపీ చెప్పండి.

ఇంకొక మాట. జీతానికి పోయినా రాత్రిళ్లు ఇంట్లో కుట్టి సంపాదిస్తే అది వ్యాపారమే. మరుసటి ఏడు కూడా సహజ్ పనికిరాదు, సుగమ్ వేయాలి.

ఈ పాఠంలోని అంకెలు, ఫారాల పేర్లు 2025-26 సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమలులోకి వచ్చింది. తర్వాతి ఏళ్ల రిటర్ను వేసేటప్పుడు అప్పటి అంకెలు అడిగి తెలుసుకోండి. రెండు ఆదాయాలూ ఒకే రిటర్నులో రాయాలనే మాట మటుకు గుర్తుపెట్టుకోండి.

టైలరు భార్య పాసుబుక్కు చదవకపోతే ఆ 2,400 సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆ డబ్బుతో పిల్లలకు బడి సంచులు, నోటు పుస్తకాలు కొనవచ్చు.

ఆలోచించండి, మాట్లాడండి

1. మీ ఊళ్లో అంగడి మూసి జీతానికి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్లకు ఈ పాఠం చదివి వినిపించండి.

2. మీ ఇంటి పాసుబుక్కు తీయండి. బిల్లుకు, పడిన డబ్బుకు తేడా ఉందేమో చూడండి.

3. ఒక అక్క టీ అంగడిలో నాలుగు నెలల్లో 60,000 లాభం తీసింది. తర్వాత ఎనిమిది నెలలు నెలకు 15,000 జీతానికి చేసింది. 75,000 మినహాయింపు తీసేస్తే ఆమె మొత్తం ఆదాయం ఎంత? (జవాబు: 1,05,000)