తర్వాత ఏంటి? ఇదీ ఒక సెర్చ్ ప్రాబ్లమే

సెకండ్ ఇయర్ దాటుతున్న ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న మూడు వైపుల నుంచి వస్తుంది. ఇంట్లో: "తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావ్ రా?" పెళ్లికో ఫంక్షన్‌కో వెళ్తే: "కంప్యూటర్సా? అయితే అమెరికానేనా?" హాస్టల్‌లో రాత్రి పన్నెండు దాటాక: "మామా, అసలు మన ప్లాన్ ఏంటి?" మొదటి రెండింటికీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాం. మూడోదాని దగ్గర కుదరదు, ఎందుకంటే అడిగినవాడికీ తెలియదు, మనకీ తెలియదని వాడికి తెలుసు.

ఈ ప్రశ్న మీద మోటివేషన్ వీడియోలు బోలెడున్నాయి. చూసిన రాత్రి బావుంటుంది, పొద్దున్నే మళ్లీ మామూలే. అందుకని ఈసారి దీన్ని డీఎస్ఏ ల్యాబ్‌లో ప్రాబ్లమ్‌లా తీసుకుని చూద్దాం. సీఎస్ఈ కానివాళ్లు కంగారు పడకండి, అవసరమైన చోట వివరిస్తాను.

1. ముందు ప్రాబ్లమ్‌ని సరిగ్గా రాసుకుందాం

మనలో చాలామంది బ్రాంచ్‌ని ఎంచుకోలేదు. ర్యాంకు వచ్చింది, వెబ్ ఆప్షన్లు పైనుంచి కిందికి పెట్టుకుంటూ పోయాం, సీట్ అలాట్ అయింది. ఇంటర్ రెండేళ్లూ "నీకు ఏ పని నచ్చుతుంది?" అని ఎవరూ అడగలేదు. "వీకెండ్ టెస్ట్‌లో ఎన్ని వచ్చాయి?" అనే అడిగారు. అలాంటప్పుడు పంతొమ్మిదేళ్లకి హఠాత్తుగా "నీ ప్యాషన్ ఏంటి?" అంటే బుర్ర ఖాళీగా అనిపించడం సహజం. డేటా లేకుండా మోడల్‌ని ట్రెయిన్ చెయ్యమన్నట్టే అది. మంచం మీద పడుకుని ఎంత ఆలోచించినా జవాబు రాదు, ఎందుకంటే లోపల ఆ డేటాయే లేదు.

ఇక పరిమితులు. మొత్తం ఎనిమిది సెమిస్టర్లు. చాలా కాలేజీల్లో ప్లేస్‌మెంట్ల హడావిడి థర్డ్ ఇయర్ చివర్లోనో, ఫోర్త్ ఇయర్ మొదట్లోనో మొదలవుతుంది. అంటే నాలుగో సెమ్ అయ్యేసరికి మన చేతిలో ఉన్నది సుమారు ఒక సంవత్సరం. ఈలోగా మనం ఏదీ తేల్చుకోకపోతే, మొదట క్యాంపస్‌కి వచ్చిన కంపెనీయో, పక్కింటి అన్నయ్య వెళ్లిన దేశమో మన తరఫున తేల్చేస్తుంది. దాని వెనక నాన్న సంతకం పెట్టిన లోన్ ఉండొచ్చు, అమ్మ పక్కన పెట్టిన బంగారం ఉండొచ్చు. అందుకే ఇది సరదా ప్రశ్న కాదు.

2. గ్రీడీ ఎక్కడ దెబ్బతింటుంది

ప్రతి అడుగులో అప్పటికి పెద్దగా కనిపించేదాన్ని తీసుకుంటూ పోవడమే గ్రీడీ పద్ధతి. ఒక చిన్న లెక్క చూడండి. మీ దగ్గర 1, 3, 4 రూపాయల నాణేలు ఉన్నాయి. 6 రూపాయలు వీలైనన్ని తక్కువ నాణేలతో ఇవ్వాలి. గ్రీడీ ముందు పెద్దదైన 4 తీసుకుంటుంది, మిగిలిన 2 కోసం 1, 1 తీసుకుంటుంది. మొత్తం మూడు నాణేలు. కానీ 3, 3 ఇస్తే రెండే సరిపోయేవి. మొదటి అడుగులో పెద్దది తీసుకోవడమే మంచి జవాబుకి అడ్డం పడింది.

ఈ ఏడాది ఏ కోర్సుకి ట్రెండ్ ఉంటే అది నేర్చుకోవడం, ఏ ఆఫర్‌లో అంకె పెద్దదైతే దానికి వెళ్లిపోవడం కూడా ఇలాంటివే. కొన్నిసార్లు కలిసొస్తుంది, కొన్నిసార్లు రాదు.

అయితే ఒక మాట. ఇంట్లో డబ్బు అవసరం ఇప్పుడే ఉంటే, వచ్చిన మొదటి ఉద్యోగం తీసుకోవడం సరైన జవాబే. అందులో తక్కువతనం ఏమీ లేదు. అది ఆ ఇంటి ప్రాబ్లమ్‌లో ఉన్న నిజమైన పరిమితి. పరిమితిని వదిలేసి రాసిన కోడ్ ఏ టెస్ట్ కేస్‌నీ దాటదు.

3. ఒకదాంట్లో దూకేముందు పక్కవి కూడా చూడండి

చెట్టులా విడిపోయిన దారుల్లో వెతకడానికి రెండు పద్ధతులు నేర్చుకుంటాం. డీఎఫ్ఎస్ అంటే ఒకే కొమ్మ పట్టుకుని చివరిదాకా వెళ్లడం. బీఎఫ్ఎస్ అంటే ముందు అన్ని కొమ్మల్నీ ఒక్కో మెట్టు చూడటం. మనలో చాలామంది సీనియర్ చెప్పాడని ఒక కొమ్మ పట్టుకుని డీఎఫ్ఎస్ మొదలుపెడతారు. ఆరు నెలల తర్వాత అది మనది కాదని తెలిస్తే, వేరే కొమ్మలు ఉన్నాయన్న సంగతే గుర్తురాదు.

సెకండ్ ఇయర్‌లో చెయ్యదగ్గది లోతు తక్కువ పెట్టుకున్న బీఎఫ్ఎస్. ఒక్కో దారికి రెండు వారాలు, రోజుకి గంట. చదవడం ఒక్కటే కాదు, ఆ దారిలో ఉన్నవాళ్లు రోజూ చేసే పనిలో ఒక ముక్క చేసి చూడాలి. మన క్యాంపస్‌లో ఎక్కువగా వినపడే ఐదు దారులకి నా జాబితా ఇది.

సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్: ట్యుటోరియల్ చూస్తూ ప్రాజెక్ట్ కట్టడం ఈ ఉద్యోగానికి శాంపిల్ కాదు. ఉద్యోగంలో చేతికొచ్చేది ఎక్కువగా వేరేవాళ్లు రాసిన పాత కోడ్. కాబట్టి ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ తీసుకుని, అందులో చిన్న బగ్ ఎక్కడుందో వెతకండి. సరిచెయ్యలేకపోయినా పర్లేదు, ఎక్కడుందో పట్టుకుంటే చాలు. ఇది నచ్చితే తర్వాతి మెట్టుగా గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ఉంది. 2005 నుంచి నడుస్తోంది, 18 ఏళ్లు నిండినవాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చు.

గేట్: 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్. థర్డ్ ఇయర్ నుంచే రాయొచ్చు, స్కోరు 3 సంవత్సరాలు చెల్లుతుంది. ఎంటెక్ సీట్లకే కాదు, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు ఉద్యోగాలకీ ఈ స్కోరు చూస్తాయి. మనకి ఇప్పటికే అయిపోయిన డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ నుంచి పాత ప్రశ్నలు రోజుకి ఐదు చెయ్యండి. ఎన్ని కరెక్ట్ అయ్యాయో లెక్క వద్దు. తప్పు పోయినప్పుడు "ఎందుకు?" అని వెతకాలనిపించిందా, కీ చూసి పేజీ తిప్పేశారా? అది గమనించండి.

విదేశాల్లో ఎంఎస్: అమెరికా సంగతే తీసుకుంటే, చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు, మనలాంటి స్టెమ్ కోర్సులవాళ్లకి ఇంకో 24 నెలలు పని చేసుకునే వీలుంది. ఆ తర్వాత కావాల్సిన హెచ్1బీకి ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి అదనంగా 20,000 అనే పరిమితి ఉంది. అడిగేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ, రూల్స్ కూడా మారుతుంటాయి. కాబట్టి ఇది చదువుతో పాటు ప్రాబబిలిటీ లెక్క కూడా. రెండు పనులు చెయ్యండి. ఒకటి, "స్కోప్ ఉంది" అనే మాట వాడకుండా, ఈ సబ్జెక్టే ఎందుకు చదవాలో ఒక పేజీ రాయండి. రెండు, లోన్ లెక్క వెయ్యండి. ఉదాహరణకి 40 లక్షలు, 11 శాతం వడ్డీ, 10 ఏళ్లు అనుకుంటే నెలకి సుమారు 55 వేల ఈఎంఐ. చదువుకునే రెండేళ్ల వడ్డీ ఇందులో కలపలేదు. అక్కడ ఉద్యోగం ఆలస్యమైతే ఇది ఎవరు కడతారు? ఈ ప్రశ్నకి జవాబు రాశాకే కన్సల్టెన్సీ మెట్లెక్కండి.

సివిల్స్: కనీస వయసు 21. జనరల్ కేటగిరీకి 32 ఏళ్ల వరకు, 6 సార్లు రాయొచ్చు. మెయిన్స్‌లో ర్యాంకుకి లెక్కపెట్టే రాత పరీక్ష 1750 మార్కులు, ఇంటర్వ్యూ 275. ఆప్షనల్‌గా తెలుగు సాహిత్యం తీసుకోవచ్చు. రెండు పేపర్లు, ఒక్కోటి 250, జవాబులు తెలుగులోనే రాయాలి. మన క్లబ్‌లో పద్యాలంటే చెవి కోసుకునేవాళ్లు ఉన్నారు కదా, వాళ్లకి ఇది సరదా నుంచి 500 మార్కుల దాకా వెళ్లే దారి. కానీ నాలాంటి ఇంగ్లిష్ మీడియం బ్యాచ్‌కి అసలు పరీక్ష వేరే ఉంది. పదిహేను రోజులు పేపర్ చదివి, రోజూ ఒక పేజీ జవాబు చేత్తో రాయండి. ఫోన్‌లో టైప్ చెయ్యడం వేరు, ఒత్తులూ దీర్ఘాలూ తప్పకుండా కలం ఆపకుండా రాయడం వేరు.

భాష, కంప్యూటర్ కలిసే చోటు: ఈ దారి గురించి ప్లేస్‌మెంట్ సెషన్లలో ఎక్కువ చెప్పరు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత మీద పనిచేసే రీసెర్చ్ సెంటరే ఉంది. తెలుగు కంప్యూటర్‌కి అంత తేలిగ్గా లొంగే భాష కాదు. "వెళ్లలేకపోతున్నానని" మనకి ఒక్క మాట. ఇంగ్లిష్‌లో అదే ఒక చిన్న వాక్యం. పైథాన్‌లో "శ్రీ" పొడవు ఎంతో అడిగి చూడండి, 4 అంటుంది. మనకి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో శ, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు ముక్కలు. ఏదైనా తెలుగు పేజీ తీసుకుని, అందులో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాయండి. "ఇల్లు", "ఇంట్లో", "ఇంటికి" మూడూ ఒకటేనని దానికి ఎలా చెప్పాలి అనే దగ్గర మీకు హుషారొస్తే, ఈ కొమ్మ మీద ఇంకొంచెం ముందుకెళ్లండి.

కోర్ ఉద్యోగాలు, డిజైన్, టీచింగ్ ఇవేవైనా మీ జాబితాలో ఉంటే చేర్చుకోండి. పద్ధతి మాత్రం అదే.

4. ఏం కొలవాలి?

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. రెండు వారాలయ్యాక "నచ్చిందా?" అని అడుగుతారు. కొత్తది ఏదైనా మొదటి మూడు రోజులు నచ్చుతుంది. దానివల్ల ఏమీ తెలియదు.

ప్రతి పనిలోనూ విసుగు పుట్టించే భాగం ఉంటుంది. డెవలపర్‌కి అర్ధరాత్రి లాగ్స్ చదవడం. రీసెర్చ్ చేసేవాళ్లకి అదే ప్రయోగం మళ్లీ మళ్లీ చెయ్యడం. సివిల్స్ రాసేవాళ్లకి అదే పుస్తకం ఐదోసారి తిరగెయ్యడం. టీచర్‌కి పేపర్లు దిద్దడం. పైకి కనిపించే భాగం అందరికీ నచ్చుతుంది, కాబట్టి అది మనల్ని ఒకరి నుంచి ఒకరిని వేరు చెయ్యదు. ఏ పని తాలూకు విసుగుని మనం మిగతావాళ్లకంటే తేలిగ్గా భరిస్తామో, మన దారి అటువైపు ఉండే అవకాశం ఎక్కువ. నా దృష్టిలో ఈ వ్యాసంలో గుర్తుంచుకోవాల్సింది ఇదొక్కటే.

అందుకని ఒక నోట్‌బుక్‌లో రోజూ మూడు లైన్లు రాయండి. ఈ రోజు ఎక్కడ విసుగొచ్చింది? ఆ తర్వాత మళ్లీ ఎవరూ చెప్పకుండా దాని దగ్గరికి వచ్చానా? నిన్నటికంటే మంచి ప్రశ్న ఏదైనా పుట్టిందా? రెండు వారాల తర్వాత ఆ పేజీలు తిరగేస్తే, మూడ్‌ని బట్టి చెప్పే జవాబుకంటే నమ్మకమైనది దొరుకుతుంది.

5. ఎప్పుడు ఆపాలి?

వెతకడమే అలవాటైపోతే అదో ప్రమాదం. ముప్పై కోర్సులు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చెయ్యనివాళ్లు మనకి తెలుసు. సమయం ఎక్కువ ఉన్నప్పుడు కొత్తవి చూడాలి, తగ్గేకొద్దీ దొరికినదాన్ని గట్టిపరుచుకోవాలి. నా లెక్క ప్రకారం నాలుగో సెమ్, ఆ వేసవి సెలవులు వెతకడానికి. ఐదో సెమ్ చివరికి ఒక ప్రధాన దారి, ఒక బ్యాకప్. ఆరు, ఏడు సెమ్‌లు వాటికే.

ఈలోగా ఏ దారికైనా పనికొచ్చేవి వదలొద్దు. ఒక లాంగ్వేజ్ బాగా రావడం, డీఎస్ఏ పునాది, నలుగురిలో తడబడకుండా మాట్లాడటం, బ్యాక్‌లాగ్ లేకుండా చూసుకోవడం. దారి దొరికే సమయానికి నడవడానికి కాళ్లు ఉండాలి కదా.

6. వెనక్కి రావడం

బ్యాక్‌ట్రాకింగ్ గురించి చెప్పాలంటే నాకు రాజ్ రెడ్డి గారు గుర్తొస్తారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టారు. చెన్నై గిండీ కాలేజీలో 1958లో పూర్తి చేసింది సివిల్ ఇంజనీరింగ్. తర్వాత ఆస్ట్రేలియాలో 1960లో ఎంటెక్, అక్కడే ఐబీఎంలో ఉద్యోగం. ఆ తర్వాత స్టాన్‌ఫోర్డ్‌లో కంప్యూటర్ సైన్స్‌లో 1966లో పీహెచ్‌డీ. 1994లో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పనికి ట్యూరింగ్ అవార్డు, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి. సివిల్‌లో చేరిన రోజున ఆ చివరి మెట్టుని ఎవరు ఊహించగలరు?

"చూశారా, ఏ బ్రాంచ్ అయినా అన్నీ అవే సర్దుకుంటాయి" అని దీనికి అర్థం చెప్పుకోకండి. ఆయన దారి మారిన ప్రతిసారీ కొత్త చోట మొదటి నుంచి చదివారు. మారడం కుదురుతుంది, కానీ దానికి ఖర్చుంటుంది. కాబట్టి నిర్ణయాల్ని రెండు రకాలుగా విడదీయండి. ఎలక్టివ్, ఎన్‌పీటెల్ కోర్సు, వేసవి ఇంటర్న్‌షిప్ లాంటివాటి నుంచి సులువుగా వెనక్కి రావచ్చు. వాటి మీద నెలల తరబడి తర్జనభర్జన వద్దు, వేసి చూడండి. పెద్ద లోన్, సర్వీస్ బాండ్, ఉద్యోగం లేకుండా మూడేళ్ల ప్రిపరేషన్ లాంటివాటి నుంచి రావడం కష్టం. మీ ఆలోచనంతా వాటి కోసం దాచుకోండి.

7. ఇంట్లో ఎలా చెప్పాలి?

"నాకు ఇంకా తెలియదు నాన్నా" అంటే ఇంట్లో భయపడతారు. "ఈ నాలుగు చూస్తున్నాను, డిసెంబర్‌కి ఒకటి చెప్తాను" అంటే వింటారు. రెండింట్లోనూ ఉన్న నిజం ఒకటే, రెండోదాంట్లో మాత్రం గడువుంది. వాళ్లని కూడా రెండు ప్రశ్నలు అడగండి. నా జీతం లేకుండా ఇల్లు ఎంతకాలం నడుస్తుంది? ఎంతవరకు అప్పు చేసినా మీకు నిద్ర పడుతుంది? ఈ రెండు అంకెలూ మన ప్రాబ్లమ్‌కి ఇన్‌పుట్‌లు. అవి తెలియకుండా మనం వేసే ప్లాన్లన్నీ గాల్లో లెక్కలే.

ఇంటి దగ్గర చెయ్యాల్సిన పని

ఒక కాగితం మీద మూడు దారులు రాయండి. ఒక్కోదాని పక్కన రెండు వారాల్లో చెయ్యగల చిన్న పని ఒకటి, మొదలుపెట్టే తేదీ ఒకటి రాయండి. మొదటి తేదీ ఈ ఆదివారం దాటకూడదు. వచ్చే సంచిక లోపు ఒక్క దారైనా పూర్తి చేసి, ఎక్కడ విసుగొచ్చిందో క్లబ్ గ్రూప్‌లో నాలుగు లైన్లు పెట్టండి. ఈసీఈ వాళ్లూ, మెకానికల్ వాళ్లూ తప్పకుండా రాయాలి, మీ దారుల గురించి నాకు తెలిసింది చాలా తక్కువ.