మీ గడియారంలో సగం అమ్మానాన్నలది

‘తెల్లారగట్ల నాలుగింటికి లేచి చదివితే బుర్రకెక్కుతుంది’ అన్న మాట వినకుండా పదో తరగతి గట్టెక్కినవాళ్లు మనలో అరుదు. కొందరికి నిజంగానే ఎక్కుతుంది. మిగతావాళ్లు పుస్తకం ముందు తూలుతూ బద్ధకస్తులన్న పేరు తెచ్చుకుంటారు. నలభై ఏళ్లొచ్చినా ఆ పేరును మోస్తూనే ఉంటారు. ముందు దాన్ని దించేయండి.

అమెరికాలోని యూటాలో ఒక కుటుంబం ఉంది. అందులో చాలామందికి రాత్రి ఏడున్నరకే కళ్లు మూతపడతాయి, నాలుగున్నరకల్లా మెలకువ వచ్చేస్తుంది. తరతరాలుగా ఇదే వరస. కారణం 2001లో దొరికింది. పర్2 అనే జన్యువులో ఒకే ఒక్క మార్పు! దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది 2017లో బయటపడింది. క్రై1 జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకు లోపలి గడియారం నెమ్మదిగా నడుస్తుంది, అర్ధరాత్రి దాటితేగానీ నిద్ర పట్టదు. మొదటివాళ్లు మన ఊళ్లో పుట్టి ఉంటే క్రమశిక్షణకు మారుపేరని శాలువా కప్పేవాళ్లం. రెండోవాళ్లకు చీవాట్లు పెట్టేవాళ్లం. నిజానికి ఇందులో ఒకరి గొప్పా లేదు, ఇంకొకరి తప్పూ లేదు.

ఇవి అరుదైన సంగతులే. మనబోటి వాళ్లలో వందల జన్యువులు తలా కాస్త చెయ్యి వేస్తాయి. దాదాపు 7 లక్షల మంది వివరాలు జల్లెడ పట్టిన 2019 నాటి అధ్యయనంలో అలాంటి చోట్లు 351 తేలాయి. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం, మనం పెందలాడే లేచే రకమా, రాత్రి మేలుకునే రకమా అన్నదాంట్లో ఇంచుమించు సగం వాటా వారసత్వానిదే.

వయసు వాటా వేరే ఉంది. కౌమారంలో గడియారం వెనక్కి జరుగుతూ పోయి, ఇరవై ఏళ్ల ప్రాంతంలో బాగా ఆలస్యమవుతుంది. ఆ తర్వాత మెల్లగా ముందుకొస్తుంది. ‘మేం అయిదింటికే లేవడం లేదా?’ అని ఇంటర్ చదివే పిల్లల్ని దెప్పే తండ్రులు గమనించాలి. ఆ లేవడంలో మీ పట్టుదల కంటే మీ యాభై ఏళ్ల వయసే ఎక్కువ పని చేస్తోంది. హాస్టళ్లలో తెల్లారగట్ల పెట్టే స్టడీ అవర్ నా దృష్టిలో నిద్రనూ చదువునూ ఒకేసారి పాడు చేసే ఏర్పాటు.

మరి మన చేతిలో ఏముంది? వెలుగు ఉంది. మెదడులో సుమారు 20 వేల కణాలతో ఉన్న ఈ గడియారం సగటున 24 గంటల కంటే కొద్దిగా ఎక్కువ తీసుకుంటుంది. దాన్ని రోజూ సరిచేసేది ముఖ్యంగా కంట్లో పడే వెలుగే. 2013లో కెనెత్ రైట్ అనే శాస్త్రవేత్త కొందరిని కొలరాడో కొండల్లో వారం పాటు గుడారాల్లో ఉంచాడు. కరెంటు దీపాల్లేవు, ఫోన్లు లేవు. వాళ్ల గడియారాలు దాదాపు రెండు గంటలు ముందుకు జరిగాయి. అందరికంటే ఎక్కువ మారింది రాత్రి మేలుకునే రకం వాళ్లే. వారంలో జన్యువులు మారవు కదా!

గుడారం మీకు అక్కర్లేదు. ఇంట్లో ట్యూబ్‌లైటు వెలుగు కొన్ని వందల లక్స్ మాత్రమే, మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వేలల్లో ఉంటుంది. అందుకే లేవగానే అరగంట డాబా మీదో వాకిట్లోనో గడపండి. కాఫీ అక్కడే తాగండి. సాయంత్రం కాఫీ మాత్రం మానేయండి, అది నిద్రను ఆపడమే కాదు, గడియారాన్నీ వెనక్కి నెడుతుంది. రాత్రి తొమ్మిది దాటాక ఇంట్లో దీపాలు తగ్గించండి, ఫోను పక్కగదిలో పెట్టండి. ఆదివారం పదకొండింటిదాకా పడుకుంటే వారమంతా దిద్దుకున్నది చెడుతుంది. అమెరికా వేళల్లో పనిచేసి పొద్దున ఇల్లు చేరేవాళ్లు దారిలో నల్లకళ్లద్దాలు పెట్టుకోండి, పడగ్గదికి మందపాటి కర్టెన్లు వేసుకోండి. రాత్రి షిఫ్టు చేసే చెరుపు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

పరీక్ష ఉదయం తొమ్మిదింటికైతే రెండు మూడు వారాల ముందు నుంచే పడుకునే వేళా, లేచే వేళా పావుగంట చొప్పున ముందుకు జరుపుతూ రండి. అప్పటిదాకా రాత్రి పదింటికి మీ అమ్మాయికి చదువు బాగా సాగుతుంటే సాగనివ్వండి. నాలుగింటికి మాత్రం లేపకండి.