పేరు పెట్టినా దొరకని టెక్స్ట్‌బాక్స్

ప్రశ్న: డబ్ల్యూపీఎఫ్‌లో బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తున్నాను. లిస్ట్‌బాక్స్‌లో ప్రతి వరుసకూ ఒక టెక్స్ట్‌బాక్స్ ఉంది. పేరు పెట్టాను. విండో కోడ్‌లో ఫైండ్‌నేమ్‌తో వెతికితే నల్ వస్తోంది. ఎందుకు?

జవాబు: మీరు పెట్టిన పేరులో తప్పేమీ లేదండీ. ఆ టెక్స్ట్‌బాక్స్ డేటాటెంప్లేట్ లోపల ఉంది. టెంప్లేట్ వరుస వరుసకూ కొత్తగా తయారవుతుంది కాబట్టి ఒకే పేరుతో ఎన్నో పెట్టెలు పుడతాయి. అందుకే ఆ పేర్లు టెంప్లేట్ పరిధి దాటి విండోకు కనిపించవు.

దాన్ని అందుకోవాలంటే, ముందుగా లిస్ట్‌బాక్స్ ఐటమ్‌కంటైనర్‌జనరేటర్‌ను అడిగి, కంటైనర్‌ఫ్రమ్‌ఐటమ్‌తో మీకు కావలసిన వరుసను పట్టుకోండి. ఆ వరుస నుంచి విజువల్‌ట్రీహెల్పర్‌లోని గెట్‌చైల్డ్‌తో పిల్లలను, వాటి పిల్లలను వెతుకుతూ కిందికి దిగండి. తనను తానే పిలుచుకునే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకుంటే చాలు.

ఇక్కడ చాలామంది తడబడతారు. లిస్ట్‌బాక్స్ మామూలుగా తెరమీద కనిపించే వరుసలనే తయారు చేస్తుంది. మిగతావాటికి మళ్లీ నల్లే వస్తుంది. కాబట్టి ముందు స్క్రోల్‌ఇంటువ్యూ, తర్వాత అప్‌డేట్‌లేఅవుట్ పిలిచి, అప్పుడు వెతకండి. విండో కన్‌స్ట్రక్టర్‌లో మాత్రం వద్దు. లోడెడ్ ఈవెంట్ వచ్చేదాకా ఆగండి.

కానీ మీకు కావలసింది పెట్టెలోని విలువ ఒక్కటే అయితే ఈ వెతుకులాటే అక్కర్లేదు. టెక్స్ట్‌ను డేటాకు బైండ్ చేసి, అక్కడే చదువుకోండి. నేనైతే ఇదే చేయమంటాను. ఫోకస్ మార్చడం లాంటి పనులకే వెతకడం అవసరం.

లోడెడ్ తర్వాత, వరుస కళ్లముందు ఉన్నా నల్ వస్తుంటే, లేదా ఆ కంట్రోల్ బయటి కంపెనీదైతే, మీ జామెల్ (XAML), కోడ్ రెండూ అనుభవమున్న డెవలపర్‌కు నేరుగా చూపించండి.