చెక్‌డ్యామ్ పక్క నుంచి నీరు కారుతుంటే

ప్రశ్న: కల్వకుర్తి దగ్గర దుందుభి వాగు మీది చెక్‌డ్యామ్ పక్కగోడ వెంట నీరు కారుతోంది. ప్రమాదమా?

జవాబు: చెక్‌డ్యామ్ ఎక్కువగా దెబ్బతినేది నడిమిగోడ దగ్గర కాదు, గోడ ఒడ్డు మట్టిని కలిసే చోట. వరద ఆ సందులో దారి చేసుకుంటే గోడ నిలిచే ఉంటుంది, వాగు మాత్రం పక్క నుంచి పోతుంది. కారే నీటిని గాజు గ్లాసులో పట్టి కాసేపు ఉంచాలి. తేటగా ఉంటే మామూలు ఊట. అడుగున మన్ను పేరితే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే. ఎండాకాలంలో దిగువ పునాది కింద గుంత పడిందేమో చూడాలి; దగ్గర్లో ఇసుక తోడితే అది పెరుగుతుంది. గోడ మీది రావి మొలకలను చిన్నగా ఉండగానే పీకేయాలి. నీరు కారే చోట పైపైన సిమెంటు పూత దండగ. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 10 మీటర్లలోపు ఎత్తున్న కట్టడాలకు వర్తించదు, కాబట్టి ఊరివాళ్ల కన్నే ముఖ్యం. బురదనీరు వచ్చినా, పగులు వెడల్పవుతున్నా దిగువకు ఎవరినీ వెళ్లనీయకుండా అదే రోజు నీటిపారుదల శాఖ ఇంజినీరుకు చెప్పాలి.